ప్లాస్టర్ ముక్క మీద టైము

సాయంత్రం నాలుగింటికి మా మేనకోడలిని అరెస్టు చేస్తారు. నేను ఆస్పత్రి మూడో అంతస్తులో లిఫ్టు దిగేసరికి పదకొండుంబావు. అంటే నాకున్నది నాలుగు ముప్పావు గంటలు.

ఇరవై రెండేళ్ళుగా ప్రైవేటు డిటెక్టివ్ పని చేస్తున్నాను. దొంగ ఇన్సూరెన్సు క్లెయిములు పట్టుకున్నాను, పారిపోయిన మొగుళ్ళను వెతికిపెట్టాను, రెండు హత్యలు తేల్చాను. ఎప్పుడూ చెయ్యి వణకలేదు. ఆ రోజు మాత్రం లిఫ్టులో మూడో నంబరు నొక్కబోయి రెండుసార్లు నాలుగు నొక్కాను. దాచుకోవడమెందుకు, చచ్చేంత భయంగా ఉంది. ఊళ్ళో వాళ్ళ పిల్లయితే అది కేసు. అక్క కూతురైతే గుండెల మీద రాయి.

నర్సులు బట్టలు మార్చుకునే గది బయట ఒక లేడీ కానిస్టేబులు కూర్చుని ఉంది. లోపల ఇనుప బీరువాల మధ్య బల్ల మీద మా పిల్ల ముడుచుకుని కూర్చుంది. నిన్న సాయంత్రం వేసుకున్న యూనిఫాం ఇంకా విప్పలేదు. నన్ను చూడగానే లేచి నిలబడింది, మళ్ళీ కూలబడింది.

"మామయ్యా, నేను చంపలేదు."

"ఆ మాట నాకు చెప్పక్కర్లేదే పిచ్చిదానా. జరిగింది చెప్పు. టైములతో సహా చెప్పు."

చెప్పింది. ఏడో నంబరు గదిలో డెబ్భై ఒక్క ఏళ్ళ పెద్దాయన. ఒకప్పుడు ప్రింటింగ్ ప్రెస్ నడిపాడు కాబట్టి వార్డంతా ప్రెస్ తాతగారు అనేవారు. పద్నాలుగు నెలలుగా కడుపులో మంట. ఎనిమిది రోజుల క్రితం ఇక్కడ చేరాడు. రోజూ పొద్దున్నే ఆరింటికి, ఏమీ తినకముందు, యాసిడ్ తగ్గించే మందు ఇవ్వాలి. అందరూ గ్యాస్ ఇంజెక్షన్ అంటారే, అదే. చిన్న సెలైన్ సీసాలో కలిపి, చేతి నరానికి పెట్టిన గొట్టం ద్వారా చుక్కలు చుక్కలుగా పావుగంట సేపు ఎక్కించాలి.

"గొట్టం మీది చక్రం నేనే తిప్పి చుక్కలు లెక్కపెట్టాను మామయ్యా. పావుగంట పట్టేట్టు సరిచేసి పక్క గదికి వెళ్ళాను. ఆరూ పన్నెండుకి తాతగారి మానిటర్ కూసింది. పరిగెత్తుకొచ్చేసరికి ఊపిరి లేదు. చక్రం మూసేసి గుండె నొక్కడం మొదలుపెట్టాను. పొట్ట డాక్టరుగారూ వచ్చారు. ఆయనా నొక్కారు. ఏం లాభం లేకపోయింది."

"నువ్వు తొందరపడి చక్రం బారుగా తెరిచేశావని, ఆ వేగానికే గుండె ఆగిందని డాక్టరు రాసిచ్చాడట కదా?"

"ముందు మామూలు హార్ట్ ఎటాక్ అనే రాశారు. తాతగారి కూతురు గొడవ చేశాక మాట మార్చారు. చార్టులో మూడు గదులకీ ఆరు గంటలనే సంతకం పెట్టాను. ఒకే నిమిషంలో మూడు చోట్ల ఎలా ఉన్నావు, అబద్ధాలకోరువి అని అరిచారు ఇన్‌స్పెక్టరుగారు. మందు టైము ఆరు కాబట్టి చార్టులో అందరం ఆరనే రాస్తాం. అసలు టైము ప్లాస్టర్ మీద రాసుకుంటాం."

"ప్లాస్టరేమిటి?"

గాజుగుడ్డకు అంటించే తెల్ల ప్లాస్టర్ జానెడు చింపి, దాని మీద గది నంబరు, టైము, చూసిన విశేషం గబగబా రాసుకుంటారట. ఆ ముక్క ట్రేకి అంటించుకుని తిరుగుతారు. డ్యూటీ దిగేముందు తీరిగ్గా చార్టులోకి ఎక్కించి, ముక్క చెత్తబుట్టలో పారేస్తారు. ఏ పుస్తకంలోనూ లేని పద్ధతి, కానీ ప్రతి నర్సూ చేసేది అదే.

"మరి ఆ ముక్కేదీ?"

"ట్రే అడుగున ఉంది. పైన అంటిస్తే స్పిరిట్ పడి చెరిగిపోతుందని నేను అడుగునే అంటిస్తాను. ట్రే ఏడో గదిలో ఉండిపోయింది. గదికి తాళం వేశారు." కడుపు పట్టుకుని ముందుకు వంగింది. నిన్న రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా దిగలేదు, లోపల భగ్గుమంటోంది అంది.

నా కడుపు మాత్రం చల్లగా ఉందా? జేబులోంచి నా గ్యాస్ క్యాప్సూల్ తీసి నోట్లో వేసుకోబోయాను. ఆ స్థితిలో కూడా నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"టిఫిన్ తిని వచ్చావు కదా? తిన్నాక వేసుకుంటే ఏం పని చేస్తుంది? అరగంట ముందు వేసుకోవాలని నీకెన్నిసార్లు చెప్పాను మామయ్యా!"

అరెస్టు కాబోతూ కూడా నాకు మందు నేర్పుతోంది. ఈ పిల్ల తొందరపడి ఒక మనిషి ప్రాణం తీసిందంటే నేను నమ్మను. నమ్మించాల్సింది రూలుకర్రని.

*

రూలుకర్ర అంటే ఇన్‌స్పెక్టరు. పోలీసు ట్రైనింగ్‌లో మేమిద్దరం పక్కపక్క మంచాలు. నేను మధ్యలో మానేశాను, వాడు రూలు పుస్తకం మింగి పైకొచ్చాడు. ఆ పేరు పెట్టింది నేనే. అది వాడు ఇంకా మర్చిపోలేదు.

వాడికంటే ముందు తాతగారి కూతురు కనిపించింది. వరండా బెంచీ మీద, ఒళ్ళో ఖాళీ ఫ్లాస్కు పెట్టుకుని కూర్చుంది. నర్సు మామయ్యనని చెబితే లేచి వెళ్ళిపోతుందని, ఆ సంగతి దాచి డిటెక్టివునని మాత్రం చెప్పాను.

"మీరు ఆరింటికి గదిలోనే ఉన్నారామ్మా?"

"నర్సమ్మ సీసా తగిలించి వెళ్ళేదాకా ఉన్నాను. తర్వాత గదిలో ఫోన్ మోగింది. ఇంకో ఆస్పత్రికి మారుస్తున్నారు కదా, కింద కౌంటర్లో సంతకం పెట్టండి అన్నారు. తీరా వెళ్తే కౌంటరే తెరవలేదు. తిరిగొచ్చేసరికి నాన్నగారి మీద ఎక్కి నొక్కుతున్నారు."

"ఎవరు చేశారు ఫోన్?"

"మగగొంతు. నాకేం తెలుసండీ, ఆస్పత్రి వాళ్ళే అనుకున్నాను."

"ఎందుకు మారుస్తున్నారు?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఏడాది దాటింది ఈ పొట్ట డాక్టరుగారి దగ్గరికి తిరగబట్టి. గ్యాస్, గ్యాస్ అని అవే మందులు. ఇవాళ పదింటికి వేరే చోట గొంతులోంచి కెమెరా వేసి చూస్తామన్నారు. నాలుగు గంటలు ఆగలేకపోయాడు మా నాన్న."

ఆ మాట నా బుర్రలో ముల్లులా దిగింది. పదింటికి కెమెరా. ఆరూ పన్నెండుకి చావు. కింద నుంచి రాని పిలుపు.

*

"పది నిమిషాలు ఇస్తున్నాను," అన్నాడు రూలుకర్ర, ఏడో గది తాళం తీస్తూ. "అది కూడా పాత స్నేహానికి. ఏదీ ముట్టుకోవద్దు."

"ముట్టుకోకుండా చూడ్డానికి ఇదేమైనా పెళ్ళిచూపులా?"

"నీ ఎకసెక్కాలు బయట పెట్టుకో. ఆ అమ్మాయి రాసిన తప్పుడు టైములున్నాయి, డాక్టరు రాసిచ్చిన కాయితం ఉంది. ఇంకేం కావాలి నీకు?"

చిన్న గది. మంచం, మానిటర్, ఫోన్, సీసా తగిలించే స్టాండు. స్టాండుకి దారంతో ఒక అట్టముక్క వేలాడుతోంది. నర్సులు స్కెచ్ పెన్నుతో గుండ్రంగా రాసుకున్నది. వార్డులో ప్రతి స్టాండుకీ అలాంటిదొకటి ఉంది. రూలుకర్ర దాని మీద వేలు పెట్టి చదివాడు. "గ్యాస్ ఇంజెక్షన్: పావుగంటకు తగ్గకుండా ఎక్కించాలి. చూశావా? వాళ్ళ రూలు వాళ్ళే తప్పారు."

"మిగతా లైన్లు కూడా చదవవయ్యా."

"నాకు అవసరమైంది చదివాను."

నేను చదివాను. తిండికి ముందు ఇవ్వాలి. వేరే మందు ఇవ్వాలంటే చక్రం మూసి, గొట్టం సెలైన్‌తో కడిగి, అప్పుడే ఇవ్వాలి. మలం నల్లగా ఉంటే వెంటనే చెప్పాలి. అప్పటికి ఆ లైన్లు నాకూ గోడ మీది క్యాలెండరులాగే అనిపించాయి.

ట్రే కిటికీ కింద ఉంది. రుమాలుతో అంచు పట్టుకుని తిరగేశాను. జానెడు ప్లాస్టర్. నీలం ఇంకు. మా పిల్ల చేతిరాత చిన్నప్పటి నుంచీ ఎరుగుదును, అంకె ఏడుకి నడుం మీద గీత పెడుతుంది.

'7 - 6.02. నలుపు, మూడోసారి. డా.కి చెప్పాను.' దాని కింద '8 - 6.05'. ఆ కింద '9 - 6.09'.

"చూడు. ఆరూ రెండుకి సీసా మొదలుపెట్టింది. ఆరూ పన్నెండుకి మూసింది. పది నిమిషాలు. పావుగంట సీసా పది నిమిషాలు నడిస్తే ఎంత మిగలాలి?"

"మూడో వంతు," అన్నాడు వాడు అయిష్టంగా. లెక్కల్లో నాకంటే వాడే మెరుగు.

"ఆ సీసా ఎక్కడుంది?"

సీలు వేసిన పసుపు ప్లాస్టిక్ కవర్లో ఉంది. వాడే పొద్దున్న అందులో పెట్టించి, చూడకుండా మూతి కట్టేశాడు. వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. సీసాలో నీళ్ళు అచ్చంగా మూడో వంతు ఉన్నాయి.

"చక్రం బారుగా తెరిచి ఉంటే నాలుగు నిమిషాల్లో ఖాళీ అయిపోయేది. ఇప్పుడేమంటావు?"

రూలుకర్ర మొహం మాడింది. "ప్లాస్టర్ ముక్క సాక్ష్యమని ఏ కోర్టూ ఒప్పుకోదు. తర్వాత రాసి అంటించలేదని నమ్మకమేంటి?"

"తాళం వేసింది నువ్వు!"

"పై ఆఫీసరుతో మాట్లాడతాను," అని ఫోన్ తీసుకుని కిటికీ వైపు తిరిగాడు. వాడి మెడ వెనక ఎర్రబడింది. నాకు మొదటిసారి ఊపిరి కాస్త తేలిగ్గా ఆడింది. ఆ తేలికే నా కొంప ముంచింది.

*

వరండాలోకి రాగానే పొట్ట డాక్టరు ఎదురొచ్చాడు. అరవై దాటిన మనిషి, తెల్ల జుట్టు, మెత్తటి గొంతు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆ అమ్మాయి మీ మేనకోడలటగా. నేనూ ఆడపిల్ల తండ్రినే. రాయక తప్పక రాశాను. ఏమైనా దొరికిందా?"

ఎవరైనా ప్రేమగా మాట్లాడితే కరిగిపోయే వెధవ బుద్ధి నాది. అంతా వాగేశాను. ప్లాస్టర్ ముక్క దొరికిందని చెప్పాను. తాతగారికి మలం నల్లగా పోవడం ఇది మూడోసారని రాసుకుందని చెప్పాను. అక్కడితో ఆగానా? ఎనిమిది రోజులవీ గుర్తున్నాయి దానికి, మధ్యాహ్నంలోగా అన్నీ కాయితం మీద పెట్టిస్తాను అని కూడా కోశాను.

"మంచిది, మంచిది," అన్నాడాయన. "కానీ పాపం ఏమీ తినలేదటగా. కడుపులో మంట అంటోంది. నా గదిలో పడుకోబెట్టి గ్యాస్ డ్రిప్ పెట్టిస్తాను. కాస్త తేరుకున్నాక రాస్తుంది."

చేతులెత్తి దణ్ణం పెట్టాను. మొహమాటంగా నవ్వుతూ నా క్యాప్సూల్ చూపించి, తిన్నాక వేసుకోవచ్చా అని కూడా అడిగాను.

"ఎప్పుడు వేసుకున్నా ఒకటే. లోపలికి పోవడం ముఖ్యం," అని నవ్వి వెళ్ళిపోయాడు.

వేసుకోబోయి ఆగాను. మేనకోడలు ఒకలా చెప్పింది, పెద్ద డాక్టరు ఇంకోలా చెప్పాడు. ఎవరి మాట వినాలో తెలియక క్యాప్సూల్ మళ్ళీ జేబులో వేసుకుని ఏడో గదిలోకి వెళ్ళాను.

*

టైము పన్నెండూ ఇరవై అయిదు. రూలుకర్ర ఇంకా ఫోన్లో "అవున్సార్, కాదు సార్" అంటున్నాడు. ఊరికే ఉండలేక పసుపు కవర్ మళ్ళీ ఎత్తి చూశాను. ఇందాక కళ్ళన్నీ సీసా మీదే ఉన్నాయి, గొట్టం చూడలేదు. పైన అద్దంలా తేటగా ఉంది. కింద, సూది గుచ్చడానికి రబ్బరు ముడి ఉంటుందే, అక్కడి నుంచి తెల్లగా ఉంది. పాలు విరిగినట్టు తరకలు తరకలుగా గొట్టం గోడకి అంటుకుని ఉంది.

వార్డు హెడ్ నర్సుని పిలిచాను. అందరూ పెద్ద సిస్టర్ అనే ఆవిడ, కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేసుకుంటుంది. లోపలికి వస్తూనే రూలుకర్ర మీద విరుచుకుపడింది.

"లెక్కయినా చూసుకోకుండా నా మత్తుమందుల బీరువాకి సీలు వేసి కూర్చున్నారు! మత్తుకి విరుగుడు కూడా అందులోనే ఉంది. వార్డులో ఎవరికైనా అవసరమైతే మీ లక్కముద్ర అరగదీసి పొయ్యాలా?"

"సాక్ష్యాలమ్మా. రూలు," అన్నాడు వాడు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి.

"సిస్టర్, ఇది చూడండి," అన్నాను.

కళ్ళజోడు పెట్టుకుని చూసింది. కవర్ కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళి గొట్టం పొడవునా పరీక్షించింది.

"ఇందులోకి ఇంకో మందు ఎక్కించారు," అంది. "గ్యాస్ మందు నడుస్తుండగానే ఎక్కించారు. ఆపరేషన్ ముందు ఇచ్చే మత్తుమందు ఉంది, అది దీనికి తగిలితే ఇలాగే విరుగుతుంది. ఒకసారి ట్రైనింగ్ పిల్ల చేస్తే చూశాను. ముసలాయనకి అది గబుక్కున ఎక్కిస్తే ఊపిరే ఆగిపోతుంది."

రూలుకర్ర ఫోన్ పెట్టేశాడు. "అయితే ఆ నర్సే ఎక్కించి ఉంటుంది."

"నర్సు ఎక్కించదు!" పెద్ద సిస్టర్ గొంతు గది దద్దరిల్లింది. "నిద్రలో లేపి అడిగినా చెబుతారండీ నా పిల్లలు. ముందు చక్రం మూయాలి, సెలైన్‌తో గొట్టం కడగాలి, అప్పుడే రెండో మందు. అది తల దువ్వుకోవడమంత అలవాటు మాకు. చంపాలనుకున్న నర్సయినా సరే చెయ్యి దానంతటదే చక్రం మీదికి పోతుంది. ఇది సిరంజి పట్టడం తెలిసి, సీసా తగిలించడం తెలియని వాళ్ళ పని."

"అలాంటి వాళ్ళెవరుంటారు?"

అడుగుతుండగానే, ఎప్పుడు వేసుకున్నా ఒకటే అన్న మెత్తటి గొంతు చెవిలో వినిపించింది. మందు పేరు కాయితం మీద రాయడం వేరు, దాన్ని మనిషిలోకి పంపడం వేరు. ముప్పై ఏళ్ళు రాసిన చెయ్యికి ఎక్కించే పద్ధతి తెలియాలనేముంది?

"బీరువా తాళంచెవులు ఎవరెవరి దగ్గరున్నాయి సిస్టర్?"

"ఒకటి నా దగ్గర. రెండోది పొట్ట డాక్టరుగారి దగ్గర. సీలు పడకముందు ఎంత తీసుకుపోయినా లెక్క చూసినవాళ్ళు లేరు."

"నలుపు అంటే ఏమిటి? మా పిల్ల మూడోసారి అని ఎందుకు రాసింది?"

"లోపల ఎక్కడో రక్తం కారుతోందని అర్థం. గ్యాస్ మందు నొప్పిని కప్పిపెడుతుంది, కింద ఉన్న జబ్బుని నయం చెయ్యదు. అందుకే వెంటనే చెప్పాలంటాం. ఆ అమ్మాయి చెప్పిందట. ఆయన వినలేదు." ఆవిడ గొంతు తగ్గింది. "పోయినేడు ఒకావిడ ఇలాగే పోయింది. దాని మీద విచారణ ఇంకా నడుస్తోంది. రెండోది బయటపడితే ఆయన డాక్టరుగిరీ ఊడుతుంది."

పదింటికి కెమెరా వేస్తే బయటపడేది. తాతగారు పోయాడు కాబట్టి ఇక తెలిసింది ఒక్కరికే. ఎనిమిది రోజుల నలుపూ గుర్తున్నది ఒక్కరికే. ఆ సంగతి ఆయన చెవిలో వేసింది నేనే, నా దిక్కుమాలిన నోరే.

"సిస్టర్, మా పిల్లేదీ?"

"డాక్టరుగారి గదిలో. ఇందాకే నేనే డ్రిప్ పెట్టి..." ఆవిడ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "గ్యాస్ మందు."

*

ఆ వరండా పొడవు అరవై అడుగులుంటుందేమో. నా జన్మలో అంత దూరం పరిగెత్తలేదు. యాభై నాలుగేళ్ళ కాళ్ళు, అరిగిన మోకాళ్ళు. భయం వెనక నుంచి నెడుతుంటే పరిగెత్తాను. కేసు కొట్టేసినా కొట్టెయ్యకపోయినా ఆ పిల్ల బతికుంటే చాలు, అదొక్కటే మనసులో.

గది బయట లేడీ కానిస్టేబులు లేచింది. "డాక్టరుగారు లోపలే ఉన్నారండీ. పడుకుందట, కదపొద్దన్నారు."

తలుపు తోసేశాను.

పరీక్షించే మంచం మీద మా పిల్ల వెల్లకిలా పడి ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఆమె చేతి పక్కన వంగి పొట్ట డాక్టరు రబ్బరు ముడిలో సిరంజి గుచ్చి ఉన్నాడు. బొటనవేలు సిరంజి వెనక ఉంది. ముడి కింద గొట్టం తెల్లబడుతోంది. ఆ తెలుపు నా కళ్ళముందే జానెడు కిందికి, సూది వైపు జారుతోంది.

అరిచానో లేదో గుర్తు లేదు. ఒక చేత్తో ఆయన మణికట్టు పట్టుకుని గుంజాను. రెండో చేత్తో సూదికి ఇవతల గొట్టం రెండుగా మడిచి పిడికిట్లో బిగించాను. నీళ్ళ పైపు మడిస్తే నీళ్ళాగుతాయి కదా, నాకు తెలిసిన వైద్యం అంతే. సిరంజి నేల మీద పడి దొర్లింది. అందులో సగం పైగా ఖాళీ.

"ఏమిటీ అఘాయిత్యం? ఆ అమ్మాయి నిద్రలేక అల్లాడిపోతోంది," అన్నాడాయన. గొంతు అప్పుడు కూడా మెత్తగానే ఉంది. కానీ రెండడుగులు వెనక్కి వేసి గోడకి ఆనుకున్నాడు. గుమ్మంలో రూలుకర్ర, వాడి వెనక కానిస్టేబులు నిలబడి ఉన్నారు.

పెద్ద సిస్టర్ మా ఇద్దరి మధ్యలోంచి దూరింది. చక్రం మూసింది. మా పిల్ల చేతిలోంచి సూది లాగేసి పక్కన పడేసింది. ఛాతీ మీద చెయ్యి పెట్టి, గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టింది. నేను పిడికిలి విప్పలేదు. విప్పమని ఎవరూ చెప్పలేదు, చెప్పినా విప్పేవాణ్ణి కాదు.

"ఊపిరి నిమిషానికి అయిదు. అదీ పైపైన. కొంత లోపలికి పోయింది," అంది. గడ్డం పైకెత్తి, గోడకున్న గాలి సంచీ తీసి ముక్కూ నోటి మీద అదిమి నొక్కడం మొదలుపెట్టింది. "విరుగుడు కావాలి. ఇప్పుడే కావాలి. సీలు వేసిన బీరువాలో ఉంది, రెండో అర, ఎర్ర పెట్టె!"

ముగ్గురం రూలుకర్ర వైపు చూశాం. సాక్ష్యంగా సీలు వేసిన బీరువా. మేజిస్ట్రేటు సంతకం లేకుండా ఆ లక్కముద్ర విరిస్తే వాడి ఉద్యోగానికే ఎసరు. ముప్పై ఏళ్ళుగా వాడు మింగిన పుస్తకం వాడి గొంతులో అడ్డం పడటం నాకు కనిపించింది.

"ఒరేయ్," అన్నాను. "నీ కాళ్ళు పట్టుకుంటాను రా."

వాడు పెద్ద సిస్టర్ నడుముకి వేలాడుతున్న తాళంచెవుల గుత్తి లాక్కున్నాడు. బూట్ల చప్పుడు వరండాలో దూరమైంది. తర్వాత ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు రెండుసార్లు వినిపించింది. తిరిగొచ్చినప్పుడు చేతిలో ఎర్ర పెట్టె, చొక్కా కఫ్ మీద లక్క ముక్కలు.

పెద్ద సిస్టర్ రెండో చేతికి కొత్త సూది పెట్టింది. మందు ఎక్కించేముందు, ఆ హడావిడిలో కూడా, కాస్త సెలైన్ పంపి దారి కడిగింది. నేను చూశాను. ఆవిడ చెయ్యి దానంతటదే పోయింది.

ఒక నిమిషం గడిచింది. ఆరు. రెండో నిమిషం. తొమ్మిది. నేను మా పిల్ల అరికాలు పట్టుకుని కూర్చున్నాను, చిన్నప్పుడు జ్వరమొస్తే పట్టుకున్నట్టు. మూడో నిమిషంలో పదమూడుదాకా లెక్కపెట్టి పెద్ద సిస్టర్ గాలి సంచీ పక్కన పెట్టింది. మా పిల్ల కళ్ళు సగం తెరిచి, నన్ను కాదు, పక్కనున్న స్టాండుని చూసింది. ఏదో గొణిగింది. చెవి దగ్గర పెట్టాను.

"మామయ్యా... నా డ్రిప్ ఎవరు పాడుచేశారు?"

నాకు ఏడుపొచ్చేసింది. ఏడ్చాను కూడా, ఇన్‌స్పెక్టరు ముందే.

పొట్ట డాక్టరు గోడ దగ్గరే ఉన్నాడు. కానిస్టేబులు ఆయన మోచెయ్యి పట్టుకుని ఉంది. ఇంత జరుగుతున్నా ఆయన మా వైపు చూడటంలేదు. స్టాండు నుంచి వేలాడుతున్న గొట్టాన్ని, అందులోని తెల్లటి తరకల్ని చూస్తున్నాడు. నుదుటి మీద ముడతలు పడ్డాయి. అర్థంకాని పాఠం ముందు కూర్చున్న విద్యార్థిలా ఉన్నాడు.

"సిస్టర్," అన్నాడు చివరికి. "అది తెల్లగా ఎందుకు మారింది?"

రూలుకర్ర నోట్‌బుక్ తీసి, టైము చూసి, పన్నెండూ నలభై ఆరు అని రాసుకున్నాడు. ఆ ప్రశ్న కూడా మాట పొల్లుపోకుండా రాసుకున్నాడు.

పెద్ద సిస్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆయన మొహానికి మూరెడు దూరంలో, అదే స్టాండుకి దారంతో వేలాడుతున్న అట్టముక్కని వేలితో ఆయన వైపు తిప్పింది.

"పదకొండేళ్ళుగా మీ కళ్ళముందే ఉంది సార్," అంది. "మీరెప్పుడూ చదవలేదు."